లింకుకు హద్దురాయి ఎక్కడ?

పర్లాకిమిడిలో నాకో చిన్న నెట్ సెంటర్ ఉంది. జిరాక్సులు, లామినేషన్లు, రైలు టిక్కెట్లు, పరీక్ష ఫీజులు, కుల ధ్రువపత్రాలకూ ఆదాయ ధ్రువపత్రాలకూ దరఖాస్తులు. రోజంతా ఇదే పని. మా ఊళ్లో చాలా ఇళ్లలో మాట తెలుగు, ఆఫీసులో కాగితం ఒడియా, కంప్యూటర్లో ఫారం ఇంగ్లిషు. సంతలో మూడు భాషల్లోనూ బేరమాడే పెద్దవాళ్లు కూడా ఫోన్లో ఒడియా పేజీ తెరిచేసరికి అక్షరం దగ్గర ఆగిపోతారు. వాళ్ల కోసం నేను దారి కాగితాలు తయారుచేస్తాను. పేజీని స్క్రీన్‌షాట్ తీసి, నొక్కవలసిన లింకు చుట్టూ ఎర్ర గడి గీసి, పక్కన తెలుగులో ‘ముందు ఇది, తర్వాత ఇది’ అని రాసి, లామినేషన్ చేసి ఇస్తాను.

చాలాకాలం ఆ గడులు చేత్తోనే గీశాను. కానీ వెబ్ పేజీలు పండగకు సున్నం వేసిన ఇళ్లలా ఉంటాయి, ఏడాది తిరిగేసరికి రంగూ రూపూ మారిపోతాయి. మారినప్పుడల్లా ఇరవై కాగితాలు మళ్లీ గీయాలి. పేజీలో ఏ లింకు ఎక్కడ ఉందో బ్రౌజర్‌కు తెలుసు కదా, దాన్నే అడిగి గడులు గీయించేద్దాం అనుకున్నాను. ఒక సాయంత్రం పని అని అంచనా. మూడు వారాలు పట్టింది.

మొదటి విడత కాగితాలు పంచిన మర్నాడే, మా వీధిలో ఉండే రిటైరైన తెలుగు మాస్టారు వచ్చారు.

“బాబూ, నువ్వు గీసిన గడిలోనే నొక్కాను. నాలుగుసార్లు నొక్కాను. ఏమీ తెరుచుకోలేదు.”

“గడిలో ఎక్కడ నొక్కారు మాస్టారూ?”

“నడిమధ్యన. ఇంకెక్కడ నొక్కుతారు?”

ఆయన ఫోను తీసుకుని నేనూ అక్కడే నొక్కి చూశాను. నిజమే, ఏమీ జరగలేదు. గడి లింకు చుట్టూనే ఉంది. గడి మధ్యలో మాత్రం లింకు లేదు.

ఈ చిక్కు అర్థం కావాలంటే బ్రౌజర్ పేజీని ఎలా పేరుస్తుందో కొంచెం చూడాలి. పేజీ రాసినవాళ్లు లింకుకు పొడవు, వెడల్పు రాయరు. వాక్యం మధ్యలో ‘ఇక్కడినుంచి ఇక్కడిదాకా లింకు’ అని రెండు గుర్తులు పెట్టి వదిలేస్తారు. ఆ మాటలు తెర మీద ఎక్కడ పడతాయన్నది పేజీ తెరిచిన క్షణంలో తేలుతుంది. ఫోను వెడల్పు ఎంత, ఫాంటు ఏది, అక్షరం సైజు ఎంత అన్నవాటిని బట్టి బ్రౌజర్ మాటల్ని వరుసలుగా విరుస్తుంది. మా షాపు మానిటర్ మీద ఒకే వరుసలో ఒదిగిన లింకు, మాస్టారి ఫోన్లో ఒక వరుస చివర మొదలై తర్వాతి వరుస మొదట్లో ముగిసింది. రాతలో ఒకటే లింకు, తెర మీద రెండు ముక్కలు.

ఇది మా ఊరివాళ్లకు కొత్త సంగతేమీ కాదు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా విడిగా ఏర్పడినప్పుడు పర్లాకిమిడి జమీందారీ ఇలాగే విరిగింది. ఊరూ రాజావారి కోటా ఒడిశాకు వెళ్లాయి, జమీందారీలో కొంత భాగం మద్రాసు వైపే ఉండిపోయింది. యజమాని ఒక్కరే, భూమి రెండు చోట్ల. రెంటినీ కలిపి ఒకే కంచె వేయాలంటే మధ్యలో ఉన్న ఊళ్లవాళ్ల పొలాలు కూడా కంచెలోకి వస్తాయి. నా ప్రోగ్రామ్ చేసింది అదే.

లింకు స్థానం తెలుసుకోవడానికి, బ్రౌజర్ లోపల నడిచే ప్రోగ్రామ్ భాష జావాస్క్రిప్ట్‌లో అందరూ ముందుగా అందుకునే పనిముట్టు గెట్‌బౌండింగ్‌క్లయింట్‌రెక్ట్. పేరు నోరు తిరగదు కాబట్టి దాన్ని చుట్టుకంచె అంటాను. ఇది మొదట మైక్రోసాఫ్ట్ వారి ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌లో వచ్చింది, 2008లో ఫైర్‌ఫాక్స్ 3 కూడా అందుకుంది, ఇప్పుడు అన్ని బ్రౌజర్లలోనూ ఉంది. ఒక లింకును చూపించి అడిగితే, దాని ముక్కలన్నిటినీ కలిపి చుట్టే అతి చిన్న దీర్ఘచతురస్రాన్ని ఇస్తుంది. ఎడమ అంచు, పై అంచు, వెడల్పు, ఎత్తు, అంతే.

మాస్టారి ఫోన్లో లెక్క చూద్దాం. పేజీ వెడల్పు 360 పిక్సెళ్లు, రెండు పక్కలా 16 చొప్పున ఖాళీ పోగా రాతకు 328. లింకులోని మొదటి ముక్క ఎడమనుంచి 250 దగ్గర మొదలై 344 దాకా, పైనుంచి 403 నుంచి 425 దాకా ఉంది. రెండో ముక్క కింది వరుసలో 16 నుంచి 130 దాకా, 431 నుంచి 453 దాకా. చుట్టుకంచె వేస్తే 16 నుంచి 344, 403 నుంచి 453. అంటే 328 వెడల్పు, 50 ఎత్తు. దాని నడిమధ్య అడ్డంగా 180, నిలువుగా 428. పై వరుసలో లింకు 250 దాటితే గానీ మొదలు కాదు, కింది వరుసలో 130కే అయిపోయింది, పైగా 428 అనేది రెండు వరుసల మధ్య సందు. మాస్టారి వేలు ఎవరికీ చెందని చోట పడింది. మొత్తం గడి విస్తీర్ణం 16,400, అందులో లింకుకు నిజంగా చెందినది 4,576. నాలుగో వంతు కంటే కాస్త ఎక్కువ. మిగిలినదంతా పక్కవాళ్ల పొలమే.

దీనికి విరుగుడు ఉంది. గెట్‌క్లయింట్‌రెక్ట్స్ అని ఇంకో పనిముట్టు ముక్కలన్నిటినీ విడివిడిగా జాబితా ఇస్తుంది. రెండు ముక్కలకు రెండు గడులు గీస్తే మొదటి తప్పు పోతుంది. బ్రౌజర్లను మనిషిలా నడిపించే వెబ్‌డ్రైవర్ ప్రమాణం 2018లో ఖరారైంది, వెబ్‌సైట్లను పరీక్షించే రోబో ప్రోగ్రాములు చాలా దీని మీదే నడుస్తాయి. లింకును ఎక్కడ నొక్కాలన్న ప్రశ్నకు ఆ ప్రమాణం చెప్పే జవాబు ముచ్చటగా ఉంటుంది: జాబితాలో మొదటి ముక్కను తీసుకో, అందులో తెర మీద కనిపిస్తున్నంత మేర నడిమధ్యన నొక్కు. చుట్టుకంచె జోలికి వెళ్లనే వెళ్లదు. ఆ ప్రమాణం రాసినవాళ్లకు మా మాస్టారి లాంటి వారెవరో ముందే తగిలి ఉంటారు.

నిజానికి ఈ ఆకారాన్ని కళ్లతో చూడాలంటే ప్రోగ్రామ్ కూడా అక్కర్లేదు. కంప్యూటర్లో పేజీ తెరిచి ట్యాబ్ మీట నొక్కుతూ పోండి. బ్రౌజర్ ఒక్కో లింకు చుట్టూ తానే ఒక గీత గీస్తుంది. రెండు వరుసల్లోకి విరిగిన లింకు దగ్గర ఆ గీత ఏ ఆకారంలో ఉందో చూడండి. ఇలాంటి గీత దీర్ఘచతురస్రంగానే ఉండనక్కర్లేదని, పేజీ అలంకరణ నియమాలు చెప్పే సీఎస్ఎస్ ప్రమాణం ఎప్పుడో రాసిపెట్టింది.

ముక్కలు దొరికాయి, ఇక అయిపోయిందనుకున్నాను. రెండో విడతలో ఎర్ర గడులన్నీ పేజీ పైభాగాన ఎడమ మూలకు వెళ్లి గుంపుగా కూర్చున్నాయి, పెళ్లి విడిదిలో చెప్పుల్లా. కారణం పిక్సెల్ అనే మాటకు ఉన్న రెండు అర్థాలు. బ్రౌజర్ చెప్పే 360 అనేది లెక్క కోసం పెట్టుకున్న కొలత, సీఎస్ఎస్‌లో అంగుళానికి 96 చొప్పున నిర్వచించినది. ఫోను తెర మీద నిజంగా వెలిగే చుక్కలు అడ్డంగా 1080. స్క్రీన్‌షాట్ చుక్కల లెక్కలో వస్తుంది, గడి కొలత బ్రౌజర్ లెక్కలో వస్తుంది. ఆ ఫోన్లో ఒకటికి మూడు. 250ని మూడుతో గుణించి 750 దగ్గర గీయవలసింది, నేను 250 దగ్గరే గీశాను. ఎకరాల్లో రాసిన దస్తావేజును సెంట్లుగా చదివినట్టు.

దీనికి తోడు, బ్రౌజర్ ఇచ్చే కొలతలు పేజీ మొదటినుంచి కాకుండా అప్పుడు తెర మీద కనిపిస్తున్న భాగం పై అంచునుంచి ఉంటాయి. పేజీని 1,200 కిందికి జరిపి ఉంటే, పూర్తి పేజీ చిత్రంలో గీయడానికి ఆ 1,200 కలపాలి. పేజీ లోపల ఇంకో పేజీని అతికించి ఉంటే ఆ లోపలి పేజీ తన మూలనుంచి కొలుస్తుంది, అది ఎక్కడ అతికించి ఉందో చూసి ఆ దూరం కూడా కలపాలి. లోపలి పేజీ వేరే వెబ్‌సైటుదైతే బ్రౌజర్ భద్రత కోసం లోపలికి చూడనివ్వదు. ఇవన్నీ కూడికలూ గుణకారాలూ, ఒకసారి తెలిస్తే మరిచిపోరు.

కొలతలు పూర్తి సంఖ్యల్లో రావన్నది మాత్రం కాస్త వింత. 250.328125 లాంటివి వస్తుంటాయి. మొదట అది ఏదో పొరపాటు అనుకున్నాను. క్రోమ్ లోపల ఒక్కో పిక్సెల్‌ను 64 భాగాలు చేసి లెక్కిస్తుంది, ఫైర్‌ఫాక్స్ 60 భాగాలు చేస్తుంది. 0.328125 అంటే అరవై నాలుగింట ఇరవై ఒకటి. గీసేటప్పుడు ఎడమ అంచును కిందికి, కుడి అంచును పైకి సవరించుకుంటే అక్షరం కొన తెగకుండా ఉంటుంది.

తెలుగు వచ్చేసరికి

ఇంగ్లిషు పేజీల మీద నా ప్రోగ్రామ్ ఇప్పటికి చక్కగా పనిచేస్తోంది. తెలుగు పేజీల మీద గడి కింది గీత వత్తుల మీదుగా పోయింది. ‘శాస్త్రి’, ‘రాష్ట్రం’ లాంటి మాటల్లో వత్తు కింద ఇంకో వత్తు వేలాడుతుంది. గీత సరిగ్గా వాటి నడుమునుంచి పోయి అక్షరాన్ని కొట్టేసినట్టు కనిపించింది. మాస్టారికి చూపిస్తే, “పరీక్ష పేపరు దిద్దినట్టుంది” అన్నారు.

వాక్యం మధ్యలో ఉన్న లింకు పెట్టె ఎత్తు అక్షరాల సిరానుంచి రాదు. ఫాంటు తయారుచేసినవాళ్లు ‘గీతకు పైన ఇంత, కింద ఇంత’ అని రాసిపెట్టిన రెండు సంఖ్యలనుంచి వస్తుంది. పేజీ అడిగిన ఫాంటు ఇంగ్లిషుది మాత్రమే అయితే, బ్రౌజర్ ఫోన్లో ఉన్న వేరే ఫాంటు వెతికి తెలుగు అక్షరాలు తెచ్చి పెడుతుంది. పెట్టె ఎత్తు మాత్రం సాధారణంగా మొదట అడిగిన ఇంగ్లిషు ఫాంటు సంఖ్యల ప్రకారమే ఉండిపోతుంది. ఇంగ్లిషు అక్షరానికి కుట్టిన చొక్కా తెలుగు అక్షరానికి తొడిగినట్టు, వత్తులు బయటికి వేలాడతాయి. అక్షరం పెట్టె దాటి ఎంత బయటికి వచ్చినా బ్రౌజర్ చెప్పే కొలతలో ఆ సిరా లెక్కకు రాదు. తెలుగు పేజీలు తయారుచేసేవాళ్లు ఫాంటుల వరుసలో తెలుగు ఫాంటును ముందు పెడితే ఈ ఇబ్బంది చాలావరకు పోతుంది. అది వాళ్ల చేతిలో పని, నా చేతిలో ఉన్నది గడిని కింద నాలుగు పిక్సెళ్లు పెంచడమే.

ఫాంటు వల్ల వెడల్పు కూడా మారుతుంది. మా గజపతి జిల్లాలో సవరలు ఎక్కువ. ఈ ఊళ్లోనే ఉపాధ్యాయుడిగా ఉంటూ గిడుగు రామమూర్తి పంతులుగారు సవర భాష నేర్చుకుని, దాని మాటలు సేకరించారు. ఆ భాషకు 1936లో మంగేయి గొమాంగో రూపొందించిన సొరాంగ్ సొంపెంగ్ అనే సొంత లిపి ఉంది, 2012లో అది ప్రపంచ లిపులన్నిటికీ కంప్యూటర్ సంకేతాలిచ్చే యూనికోడ్‌లోకి ఎక్కింది. ఆ లిపిలో ఉన్న పేరును లింకుగా పెట్టిన పేజీని ఆ ఫాంటు లేని ఫోన్లో తెరిస్తే అక్షరాల చోట ఖాళీ చతురస్రాలు కనిపిస్తాయి. ఆ చతురస్రాల వెడల్పు వేరు, అసలు అక్షరాల వెడల్పు వేరు. లింకు అదే, పేజీ అదే, హద్దు మాత్రం ఫోను ఫోనుకూ మారిపోయింది. కాబట్టి ఒక ఫోన్లో కొలిచి ఇంకో ఫోను కోసం గీయడం దండగ.

ఒకే ఫోన్లో కూడా క్షణం ముందు కొలిచింది క్షణం తర్వాత చెల్లకపోవచ్చు. చాలా పేజీలు ముందు ఫోన్లో ఉన్న ఫాంటుతో రాత చూపించి, తమ సొంత ఫాంటు దిగుమతి అయ్యాక మార్చుకుంటాయి. మారగానే మాటల వెడల్పు మారి, వరుసలు వేరే చోట విరిగి, కిందివన్నీ జరుగుతాయి. ఆలస్యంగా వచ్చే బొమ్మలతోనూ అంతే. మా ఊళ్లో సాయంత్రం నెట్ నెమ్మదించినప్పుడు లింకు నొక్కబోతే సరిగ్గా ఆ క్షణంలో అది జారిపోయి, దాని చోటికి వచ్చిన ప్రకటన తెరుచుకుంటుంది. అందరికీ అనుభవమే. గూగుల్ 2020లో పేజీల నాణ్యతకు పెట్టిన మూడు ముఖ్య కొలమానాల్లో ఒకటి ఈ జారుడును లెక్కించడానికే. నా ప్రోగ్రామ్ ఇప్పుడు ఫాంటులన్నీ చేరాయని బ్రౌజర్ కబురు చెప్పేదాకా ఆగి, రెండుసార్లు కొలిచి, రెండూ ఒకటే అయితేనే గీస్తుంది.

పట్టాదారు, అనుభవదారు

ఇంతవరకు వచ్చిన తప్పులు కొలత తప్పులు. తర్వాత ఎదురైనవి వేరే రకం. కొలత సరిగ్గానే ఉంటుంది, అయినా అబద్ధం.

మా తాతగారి భూమి కొంత సరిహద్దు అవతల పాతపట్నం వైపు ఉంది. ఆంధ్ర అడంగల్‌లో రెండు గళ్లుంటాయి, పట్టాదారు ఎవరు, అనుభవదారు ఎవరు. పేరు ఒకరిది, పంట ఇంకొకరిది కావడం కొత్తేమీ కాదు. తెర మీద లింకులకూ ఈ రెండు గళ్లూ ఉన్నాయని తెలుసుకోవడానికి నాకు రెండు వారాలు పట్టింది. గెట్‌క్లయింట్‌రెక్ట్స్ చెప్పేది పట్టా. ఆ చోట వేలు పెడితే ఎవరు పలుకుతారన్నది అనుభవం.

బొమ్మనే లింకుగా పెట్టిన చోట ఈ తేడా బాగా తెలుస్తుంది. ఒక పేజీలో 120 ఎత్తున్న బొమ్మ ఉంది. దాని మీద ఎక్కడ నొక్కినా పని జరుగుతుంది. నా ప్రోగ్రామ్ మాత్రం బొమ్మ అడుగున 22 ఎత్తున్న సన్నటి పట్టీ గీసింది, అందులోనూ కొంత బొమ్మ దాటి కిందికి పోయింది. వాక్యంలో ఒదిగే లింకు తన పెట్టె ఎత్తును ఎప్పుడూ ఫాంటునుంచే తీసుకుంటుంది, లోపల బొమ్మ ఉన్నా సరే. బొమ్మ కాళ్లు ఆ వరుస గీత మీద ఆనించి, తల ఆకాశంలోకి పోనిస్తుంది. అందుకని లింకు కొలతతో పాటు దాని లోపలి పిల్లల, అంటే లోపల ఉన్న బొమ్మల్లాంటి వాటి, కొలతలు కూడా అడగాలి.

ఇంకో పేజీలో పథకాల వివరాలు చీటీల్లా వరుసగా ఉన్నాయి. చీటీలో ఎక్కడ నొక్కినా పథకం తెరుచుకుంటుంది, కానీ పట్టా ప్రకారం లింకు అంటే చీటీ అడుగున ఉన్న రెండు మాటలే. పేజీ చేసినవాళ్లు లింకుకు కంటికి కనిపించని ఒక పొర తగిలించి దాన్ని చీటీ అంతటా పరిచారు. బూట్‌స్ట్రాప్ అనే ప్రసిద్ధ పనిముట్ల పెట్టెలో దీనికి స్ట్రెచ్డ్ లింక్ అని పేరే ఉంది. ఆ పొర రాతలో అసలు ఎలిమెంటే (పేజీ రాతలో విడిగా రాసిన భాగం) కాదు, అలంకరణలో భాగం. అందుకే దాన్ని విడిగా కొలవడానికి జావాస్క్రిప్ట్‌లో నేరైన దారి లేదు. లింకు పెట్టెను పూర్తిగా తీసేసి లోపలి సరుకును మాత్రమే వదిలే ఏర్పాటు కూడా ఒకటుంది. అక్కడ చుట్టుకంచె అడిగితే అన్నీ సున్నాలు వస్తాయి. భూమి సాగులో ఉంది, పట్టా మీద సున్నా సెంట్లు.

దీనికి ఎదురు వరస కూడా ఉంది. పట్టా నిండుగా ఉంటుంది, చోటు మాత్రం వేరేవాళ్ల చేతిలో ఉంటుంది. పేజీ ఎంత జరిపినా పైన అతుక్కునే పట్టీ కింద లింకు దాక్కుని ఉండవచ్చు. మధ్యలో ప్రత్యక్షమయ్యే ‘కుకీలు అంగీకరిస్తారా’ పెట్టె దాన్ని కప్పి ఉండవచ్చు. లోపల జరిపే చిన్న గడిలో ఉన్న జాబితాలో ఇరవయ్యో లింకు గడి అంచు దాటి కంటికి ఆనకపోవచ్చు, బ్రౌజర్‌ను అడిగితే మాత్రం తడుముకోకుండా దాని ఎడమ అంచూ పై అంచూ చెప్పేస్తుంది.

కొరాపుట్ జిల్లాలో కొఠియా గ్రామాలున్నాయి, ఇరవై ఒకటి. ఒడిశా మావంటుంది, ఆంధ్ర మావంటుంది. రెండు రాష్ట్రాల కార్డులూ దగ్గర పెట్టుకున్న కుటుంబాలు అక్కడ ఉన్నాయి. తెర మీద అలాంటి సందిగ్ధం ఉండదు. ఒక చుక్క మీద ఎన్ని పెట్టెలు పేర్చి ఉన్నా, వేలు తగిలితే బ్రౌజర్ ఒక్కరినే పిలుస్తుంది. ఎవరిని పిలుస్తుందో అడగడానికి ఎలిమెంట్‌ఫ్రమ్‌పాయింట్ అని ఒక పనిముట్టు ఉంది. ‘ఈ చుక్క దగ్గర అందరికంటే పైనున్నది ఎవరు?’ అంటే పేరు చెబుతుంది. వచ్చినవాడు మన లింకో, లింకు లోపలి పిల్లో అయితే ఆ చుక్క మనది. స్ట్రెచ్డ్ లింక్‌లోని కనిపించని పొర మీద అడిగినా లింకు పేరే చెబుతుంది. కొలవడానికి దొరకనిది తాకితే దొరికింది.

ఇప్పుడు నా ప్రోగ్రామ్ చేసేది ఇదే. పట్టా ప్రకారం దొరికిన ప్రతి ముక్కనూ కాస్త పెద్దది చేసుకుని, అందులో నాలుగు పిక్సెళ్లకు ఒక చుక్క చొప్పున అడుగుతూ పోతుంది. 94 వెడల్పు, 22 ఎత్తున్న ముక్కకు దాదాపు 144 ప్రశ్నలు. అవునన్న చుక్కల చుట్టూ గీత గీస్తుంది. అంచు చుక్క కూడా అవునంటే ఇంకొంచెం బయటికి వెళ్లి మళ్లీ అడుగుతుంది, కాదనేదాకా. సర్వేయరు గొలుసు కాస్త పక్కన పెట్టి గట్టు మీద నడిచినట్టు. అయితే ఆ పనిముట్టు తెర మీద ఉన్న చుక్కలకే జవాబు చెబుతుంది, బయటి చుక్క అడిగితే మౌనం. అందుకని ఒక్కో లింకునూ తెర మధ్యకు తెచ్చుకుని అడగాలి. తెర పై అంచుకు తెస్తే అక్కడ అతుక్కున్న పట్టీ అడ్డుపడి, ఉన్న లింకును లేదనిపిస్తుంది. నాలుగు రోజులు నన్ను ఏడిపించింది ఇదే.

వెబ్‌డ్రైవర్ రోబోలు కూడా నొక్కేముందు ఈ ప్రశ్న అడుగుతాయి. ఆ చుక్క దగ్గర ఇంకెవరైనా పలికితే నొక్కకుండా, క్లిక్‌ను మరొకటి అడ్డుకుంటోందని తప్పు రాసి ఆగిపోతాయి. మనిషికి అలా చెప్పేవాళ్లు లేరు, నాలుగుసార్లు నొక్కి నెట్ సెంటర్‌కు నడవాల్సిందే.

ఏటవాలు లింకుల దగ్గరా పటాల దగ్గరా ఈ తాకుడు పద్ధతి ఇంకా బాగా పనికొచ్చింది. వాలుగా తిప్పిన ‘కొత్తది’ అన్న పట్టీకి చుట్టుకంచె వేస్తే నాలుగు మూలలా పరాయి చోటు కలిసిపోతుంది, ఎందుకంటే చుట్టుకంచెకు వాలడం రాదు. మా జిల్లాలో ఏడు బ్లాకులు. గొసాని, గుమ్మ, కాశీనగర్, మోహన, నువాగడ, ఆర్. ఉదయగిరి, రాయగడ. పటంలో ఒక్కో బ్లాకును ఒక్కో లింకుగా చేయాలంటే పాతకాలపు ఇమేజ్ మ్యాప్ పద్ధతిలో సరిహద్దు వెంట చుక్కలు ఇచ్చి బహుభుజి గీస్తారు. కొండలూ వాగుల వెంట మెలికలు తిరిగే ఆ ఆకారాలకు దీర్ఘచతురస్రాలు గీస్తే ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చుంటాయి. చుక్క చుక్కా అడిగి గీస్తే వాగు మెలిక కూడా వస్తుంది.

ఇక వేలు సంగతి. ఎలిమెంట్‌ఫ్రమ్‌పాయింట్ అడిగేది సూది మొనంత చుక్క గురించి. మనిషి వేలు సూది కాదు. అందుకని క్రోమ్ లాంటి బ్రౌజర్లు ఫోన్లో వేలు ఆనినంత మేరా చూసి, అతి దగ్గరగా ఉన్న లింకును తామే ఎంచుకుంటాయి. కాబట్టి నా గీతకు రెండు మూడు పిక్సెళ్లు బయట నొక్కినా పని జరగవచ్చు. ఈ ఔదార్యాన్ని నేను లెక్కలోకి తీసుకోలేదు, కొలిచి ఇవ్వడానికి బ్రౌజర్ దగ్గర పనిముట్టు లేదు కూడా. 2023 అక్టోబరు 5న వెలువడిన డబ్ల్యూసీఏజీ 2.2 సౌలభ్య సూత్రాలు నొక్కే చోటు కనీసం 24 అడ్డం, 24 నిలువు ఉండాలంటాయి, అంతకంటే మెరుగైన స్థాయికి 44. కానీ వాక్యం మధ్యలో వచ్చే లింకులకు రెండు స్థాయిల్లోనూ మినహాయింపు ఉంది, వరుసల ఎడం వాటిని కట్టేస్తుంది కనుక. మాస్టారి 22 ఎత్తు లింకు ఆ సూత్రాల ప్రకారం తప్పు కాదన్నమాట. వణికే వేళ్లకు ఆ మినహాయింపు వల్ల ఒరిగేదేమీ లేదని నా అభిప్రాయం. అసలు దరఖాస్తు లింకును వాక్యం మధ్యలో ఇరికించడమెందుకు, విడిగా ఒక బటన్‌గా పెట్టవచ్చు కదా.

కాగితాలు కాకుండా పీడీఎఫ్ కావాలని కొందరు అడుగుతుంటారు, వాట్సాప్‌లో పంపుకోవడానికి. అక్కడ ఇదే కథ మళ్లీ మొదలవుతుంది. పీడీఎఫ్‌లో లింకు అంటే పేజీ మీద పరిచిన ఒక దీర్ఘచతురస్రం. కొలత అంగుళానికి 72 చొప్పున, అదీ కింది ఎడమ మూలనుంచి పైకి. విరిగిన లింకు ముక్కలను విడివిడిగా చెప్పే ఏర్పాటు పీడీఎఫ్ 1.6 దాకా లేదు. ఇప్పుడు కూడా దాన్ని వాడుకోవడం పీడీఎఫ్ తయారుచేసే ప్రోగ్రామ్ ఇష్టం.

మూడో విడత కాగితాలు సిద్ధమయ్యాక మాస్టారికే ముందు ఇచ్చాను. లింకుకు ఇప్పుడు రెండు గడులు, ఒకటి పై వరుస చివర, ఒకటి కింది వరుస మొదట. ఆయన కళ్లజోడు సవరించుకుని చూశారు.

“రెండు గడులున్నాయి. రెండూ నొక్కాలా బాబూ?”

ఆ ప్రశ్నకు జవాబు ఏ ప్రమాణంలోనూ దొరకలేదు. రెండు గడులనూ కలుపుతూ చిన్న గీత గీసి, పక్కన ‘రెండూ ఒకటే, ఏదైనా ఒకటి నొక్కండి’ అని తెలుగులో రాశాను.

ఒక పేజీ మాత్రం ఇంకా లొంగలేదు. అందులో పటమంతా కాన్వాస్ మీద, అంటే పేజీలో బొమ్మ గీయడానికి ఉండే ఖాళీ పలక మీద, రంగులద్దినట్టు గీసేశారు, బ్లాకు పేర్లతో సహా. నొక్కితే తెరుచుకుంటాయి, కానీ లోపల లింకులే లేవు. ఏ చుక్క దగ్గర అడిగినా వచ్చే జవాబు ఒక్కటే, కాన్వాస్. పేరు మీదికి మౌస్ తెచ్చినా చేయి గుర్తు కూడా రాదు. ఆ పేజీని ప్రింటు తీసి, షాపు కౌంటర్ మీద పరిచి, ఎర్ర పెన్నుతో నేనే గీసి ఇస్తున్నాను.